కౌన్సిలర్ లేని ఊళ్లో పార్కింగ్ లెక్క ఎవరిది?

జంషెడ్‌పూర్ తెలుగువాళ్లకు ఎన్నికలు కొత్త కాదు. బిష్టుపూర్‌లోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరం కమిటీకి ఎన్నికలంటే ప్యానెళ్లు, ప్రచారం, లెక్కింపు నాటి ఉత్కంఠ అన్నీ ఉంటాయి. కదమాలోని ఆంధ్రా అసోసియేషన్‌దీ దాదాపు అదే తీరు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉక్కు ఫ్యాక్టరీ పనికి వెళ్లిన కుటుంబాలు మూడు నాలుగు తరాలుగా అక్కడే స్థిరపడి ఎంపీని ఎన్నుకుంటున్నాయి, ఎమ్మెల్యేని ఎన్నుకుంటున్నాయి, గుడి కార్యదర్శిని కూడా ఎన్నుకుంటున్నాయి. గుడి ముందు రోడ్డు మీద బండి ఎక్కడ ఆపాలో, ఆపితే ఎంత కట్టాలో, వసూలైన డబ్బు ఎటు వెళ్తుందో తేల్చే మనిషిని మాత్రం ఎన్నుకోలేకపోతున్నాయి.

ఈ లోటు తెలుగువాళ్లది మాత్రమే కాదు, ఊరందరిదీ. జంషెడ్‌పూర్‌లో దీనికి ‘మూడో ఓటు’ అనే పేరు స్థిరపడింది. మొదటిది లోక్‌సభకు, రెండోది శాసనసభకు, మూడోది పురపాలక సంఘానికి. ఆ మూడో ఓటు కోసం 1980ల చివర్లోనే ఒక స్థానికుడు సుప్రీంకోర్టు గడప తొక్కాడు. అప్పటి నుంచి బిహార్ పోయి జార్ఖండ్ వచ్చింది, ముఖ్యమంత్రులు మారారు, ఊళ్లో సైకిళ్ల స్థానంలోకి స్కూటర్లు, స్కూటర్ల స్థానంలోకి కార్లు వచ్చాయి. వాదన మాత్రం ఇంకా తెమలలేదు.

రాజ్యాంగం పార్కింగ్ గురించి కూడా మాట్లాడుతుందని చాలామందికి తెలియదు. 1992లో ఆమోదం పొంది 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ సవరణ, పన్నెండో షెడ్యూలులో పురపాలక సంఘాలకు అప్పగించదగిన పద్దెనిమిది పనుల జాబితా పెట్టింది. అందులో నాలుగోది రోడ్లు, వంతెనలు. పదిహేడోది వీధిదీపాలు, పార్కింగ్ స్థలాలు, బస్‌స్టాపులు, మరుగుదొడ్లు. అంటే బండి ఎక్కడ ఆపాలన్నది ట్రాఫిక్ పోలీసు ఈల వ్యవహారం మాత్రమే కాదు; ఊరి జనం ఎన్నుకున్న సభలో చర్చకు రావలసిన విషయం. అయితే అదే సవరణ 243-క్యూ అధికరణలో ఒక సందు వదిలింది. ఏదైనా పారిశ్రామిక సంస్థ ఒక ప్రాంతంలో పురపాలక సేవలు అందిస్తున్నా, అందించబోతున్నా, గవర్నరు ఆ ప్రాంతాన్ని పారిశ్రామిక టౌన్‌షిప్‌గా ప్రకటించవచ్చు. అక్కడ మున్సిపాలిటీ ఏర్పాటు చేయకపోయినా ఫర్వాలేదు. దేశంలో ఈ మినహాయింపు గురించి ఎక్కడ చర్చ వచ్చినా ముందు గుర్తొచ్చే పేరు జంషెడ్‌పూరే.

అసలు ఈ ఊరు పుట్టుకే కంపెనీ కడుపులోంచి. 1907లో టాటా ఉక్కు సంస్థ ఏర్పడింది. సాక్చీ అనే పల్లె దగ్గర, సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోట ఫ్యాక్టరీ లేచింది. 1912 ఫిబ్రవరిలో మొదటి ఉక్కు దిమ్మె వచ్చింది. 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ జంషెడ్‌జీ టాటా పేరు పెడితే సాక్చీ జంషెడ్‌పూర్ అయింది, కాళీమాటి స్టేషన్ టాటానగర్ అయింది. ఊరు పుట్టకముందే, 1902లో, జంషెడ్‌జీ తన కొడుకు దొరాబ్జీకి రాసిన ఉత్తరంలో వీధులు వెడల్పుగా ఉండాలని, నీడనిచ్చే చెట్లు నాటాలని, ఆటస్థలాలకు, తోటలకు, గుళ్లకు, మసీదులకు, చర్చిలకు చోటు వదలాలని చెప్పాడు. ఆ తర్వాత ప్రణాళికలకు కొదవలేదు. 1920 ప్రాంతంలో టెంపుల్, 1930ల్లో స్టోక్స్, 1940ల్లో జర్మనీలో పుట్టిన ఒట్టో కోనిగ్స్‌బర్గర్ ఈ ఊరికి రూపం గీశారు. ఆ కోనిగ్స్‌బర్గరే తర్వాత భువనేశ్వర్ పటం కూడా గీశాడు. ఇంతమంది నిపుణుల చేయి పడిన ఊళ్లు దేశంలో తక్కువ.

పటం గీసినవాళ్లు ఉన్నారు, కట్టినవాళ్లు ఉన్నారు. అడగాల్సినవాళ్లకే కుర్చీ వెయ్యలేదు.

1924లో వచ్చిన జంషెడ్‌పూర్ నోటిఫైడ్ ఏరియా కమిటీ ఆ కుర్చీ కాదు. జేఎన్‌ఏసీ అని రాసే, హిందీ పత్రికలు ‘అక్షేస్’ అని కుదించే ఈ సంస్థకు వార్డు ఓటుతో గెలిచిన సభ లేదు. ప్రభుత్వం నియమించిన అధికారి నడిపిస్తాడు. కంపెనీ తరఫున రోడ్లు, నీళ్లు, కరెంటు చూసే పట్టణ విభాగం 2003లో జుస్కో అనే విడి కంపెనీ అయింది. ఇప్పుడు దాని పేరు టాటా స్టీల్ యుటిలిటీస్ అండ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ సర్వీసెస్. ఊళ్లో మాత్రం ఇంకా జుస్కో అనే అంటారు. నల్లా పాడైతే జుస్కో, వీధిదీపం వెలగకపోతే జుస్కో. పని జరుగుతుంది కూడా. చిక్కల్లా ఎక్కడంటే, ఫిర్యాదు చెయ్యడానికి ఫోన్ నంబరు ఉంది, నిర్ణయాన్ని ప్రశ్నించడానికి సభ లేదు.

టాటానగర్ స్టేషన్ నుంచి మాంగో దాకా ఒక ఆటోలో వెళ్తే ఈ గందరగోళం మొత్తం కళ్ల ముందు పరుచుకుంటుంది. స్టేషన్ ఆవరణ రైల్వేది, అక్కడి పార్కింగ్ కాంట్రాక్టూ రైల్వేదే. పక్కనే ఉన్న జుగ్సలాయ్ విడి పురపాలక ప్రాంతం. దాని ఇరుకు బజారు రూలు దానిది. బిష్టుపూర్‌లోకి రాగానే రోడ్డు కంపెనీ లీజు భూమి మీద ఉంటుంది, తారు వేసేది జుస్కో, పార్కింగ్ వసూలుకు టెండరు పిలిచేది జేఎన్‌ఏసీ, తప్పు చోట ఆపితే చలానా రాసేది పోలీసులు. సాక్చీ గోల్‌చక్కర్ దాటాక కథ మళ్లీ మొదలు: ఫుట్‌పాత్ మీద బండ్లను తొలగించడానికి జేఎన్‌ఏసీ వస్తుంది, తోడుగా పోలీసులు, కొన్నిసార్లు కంపెనీ భద్రతా సిబ్బంది. సువర్ణరేఖ మీది వంతెన దాటితే మాంగో, అది విడి నగర నిగమ్, అంటే నగరపాలక సంస్థ. అక్కడి నుంచి జాతీయ రహదారి కేంద్ర సంస్థది. ఇటు ఖర్కాయి దాటితే ఆదిత్యపూర్. అక్కడ నిగమ్ మాత్రమే కాదు, జిల్లాయే మారిపోతుంది. సరైకేలా ఖర్సావాఁ జిల్లా అది. 2011 జనగణనలో జంషెడ్‌పూర్ పట్టణ సముదాయం జనాభా 13 లక్షలు దాటింది. ఇందులో జేఎన్‌ఏసీ పరిధిలో ఉన్నవాళ్లు సగం కంటే తక్కువే. కానీ ఉద్యోగానికి, బజారుకు, ఆస్పత్రికి అందరి బండ్లూ వచ్చేది ఈ సాక్చీకి, ఈ బిష్టుపూర్‌కే.

ఇన్ని చేతుల్లో ఉన్న రోడ్డుకు జవాబుదారీ ఎవరు?

పార్కింగ్ దగ్గర ఈ ప్రశ్న సూటిగా గుచ్చుకుంటుంది. మోటారు వాహనాల చట్టం 1988లోని 117వ సెక్షన్ ప్రకారం వాహనాలు నిలిపే చోట్లను రాష్ట్ర ప్రభుత్వం గానీ, అది అధికారమిచ్చిన సంస్థ గానీ, ఆ ప్రాంతపు స్థానిక సంస్థను సంప్రదించి నిర్ణయించాలి. సంప్రదించాలి అన్న మాట చట్టంలో ఊరికే పడలేదు. ఏ దుకాణం ముందు బండి ఆగితే వ్యాపారం దెబ్బతింటుందో, ఏ బడి ముందు ఆగితే పిల్లలు రోడ్డు మధ్యకు దిగాల్సి వస్తుందో వార్డు మనిషికి తెలుస్తుందని ఆ నియమం. జంషెడ్‌పూర్‌లో స్థానిక సంస్థ అంటే ఒక అధికారి. జిల్లా యంత్రాంగం ఆ అధికారిని సంప్రదించడమంటే ప్రభుత్వం ప్రభుత్వాన్నే అడగడం. సాక్చీ, బిష్టుపూర్‌లలో టెండరు పాడుకున్న కాంట్రాక్టరు మనుషులు నిర్ణయించిన దానికంటే ఎక్కువ వసూలు చేస్తున్నారన్న ఆరోపణలు పత్రికల్లో తరచు వస్తుంటాయి. విచారణకు ఆదేశించామని అధికారి చెప్తాడు. ఆ విచారణ ఏమైందని సర్వసభ్య సమావేశంలో లేచి నిలదీసే కౌన్సిలరు లేడు. ఆ సమావేశమే లేదు.

బేస్‌మెంట్ల వ్యవహారం ఇంకా విడ్డూరం. పెద్ద భవనానికి నక్షా మంజూరు చేసేటప్పుడు కింది అంతస్తు పార్కింగ్‌కని చూపిస్తారు. కట్టాక అందులో షాపు వెలుస్తుంది, గోదాము వెలుస్తుంది, కార్లు రోడ్డెక్కుతాయి. ఇది ఏ ఊళ్లోనైనా ఉండే రోగమే, హైదరాబాద్, విజయవాడ వాళ్లకు చెప్పక్కర్లేదు. జంషెడ్‌పూర్‌లో దీన్ని కదిలించింది జార్ఖండ్ హైకోర్టులో దాఖలైన ఒక ప్రజాప్రయోజన వ్యాజ్యం. కోర్టు తరఫున న్యాయవాదులు వెళ్లి భవనాలు చూశారు. కోర్టు గట్టిగా అడిగాకే జేఎన్‌ఏసీ సుత్తెలు, జేసీబీలు బయటకు తీసింది. ఊళ్లో సభ చెయ్యాల్సిన పనిని రాంచీలో న్యాయమూర్తులు చెయ్యాల్సి వచ్చింది. కోర్టు ఆదేశం ఉన్నన్నాళ్లు కూల్చివేతలు నడుస్తాయి. ఆ తర్వాత ఏ బేస్‌మెంట్‌లోకి మళ్లీ ఏ షట్టర్ వచ్చిందో ప్రతినెలా చూసే పని కోర్టుది కాదు కదా.

ఫుట్‌పాత్ వ్యాపారుల విషయంలో ఒక తమాషా ఉంది. 2014 నాటి వీధి విక్రేతల చట్టం ప్రకారం పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం నలభై శాతం సభ్యులు వీధి వ్యాపారులు తమలోంచి ఎన్నుకున్నవాళ్లే అయి ఉండాలి. ఆ లెక్కన జంషెడ్‌పూర్ రోడ్డు పక్కన తోపుడుబండి పెట్టుకున్నవాడికి చట్టం ఒక ఎన్నిక ఇచ్చింది. ఆ బండి ఎదుట అద్దె ఇంట్లో ఉన్న టీచరుకు ఇవ్వలేదు.

కంపెనీ పాలనకూ ప్రజల రోడ్డుకూ మధ్య గీత ఎంత పలచనో జూబిలీ పార్క్ ఉదంతం చూపించింది. టాటా స్టీల్ స్వర్ణోత్సవాలకు కట్టిన ఈ పార్కును 1958లో నెహ్రూ ప్రారంభించాడు. దాని మధ్యగా పోయే రోడ్డు సాక్చీ వైపు నుంచి అవతలి కాలనీలకు దగ్గరిదారి. ఏళ్ల తరబడి జనం దాన్ని మామూలు రోడ్డులాగే వాడుకున్నారు. కోవిడ్ రోజుల్లో గేట్లు మూసుకున్నాయి. లాక్‌డౌన్ సడలినా వాహనాలకు దారి తెరుచుకోలేదు, 2021లో రోడ్డు కొంతమేర తవ్వేశారు కూడా. పార్కులో కార్లు తిరగకపోతే పిల్లలకు, నడిచేవాళ్లకు మంచిదేనన్నది ఒక వాదం. దగ్గరిదారి మూస్తే మిగతా రోడ్ల మీద రద్దీ పడుతుందన్నది ఇంకో వాదం. రెండింట్లోనూ పస ఉంది. నిజానికి పార్కు మధ్య నుంచి కార్లను తప్పించడం లోకంలో చాలా నగరాలు చేసిన మంచి పనే. కానీ మంచి పనైనా సరే, ఎవరినడిగి చేశారన్న ప్రశ్న వచ్చినప్పుడు చూపించడానికి ఒక తీర్మానం లేదు, అభ్యంతరాలు విన్న రికార్డు లేదు. రాజకీయ పక్షాలు రోడ్డెక్కాయి, ఎమ్మెల్యేలు ప్రకటనలు చేశారు, చివరకు జిల్లా యంత్రాంగం కల్పించుకోవాల్సి వచ్చింది. సభ లేని చోట చర్చ ధర్నాగా మారుతుంది. ఇందులో కంపెనీని ఒక్కదాన్నే తప్పుపట్టడం తేలిక. వందేళ్లుగా దాని మీదే భారం వేసి కూర్చున్న ప్రభుత్వాలది అంతకంటే పెద్ద తప్పు.

బస్సుల గురించి చెప్పుకోవడానికి ఎక్కువ లేదు, లేకపోవడమే విషయం. పదమూడు లక్షల జనం ఉన్న పట్టణ సముదాయాన్ని ప్రధానంగా షేర్ ఆటోలు, ప్రైవేటు మినీబస్సులు మోస్తున్నాయి. 2005లో మొదలైన జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ నవీకరణ మిషన్ జాబితాలో జార్ఖండ్ నుంచి రాంచీ, ధన్‌బాద్‌లతోపాటు జంషెడ్‌పూర్ కూడా ఉంది. ఆ పథకం కింద సిటీబస్సులు వచ్చాయి, కొన్నాళ్లు తిరిగాయి, తర్వాత మూలనపడి తుప్పుపట్టాయి. ఆ మిషన్ షరతుల్లో ఒకటి 74వ సవరణను అమలు చెయ్యడం, అంటే ఎన్నికైన సంస్థకు పట్టణ బాధ్యతలు అప్పగించడం. జంషెడ్‌పూర్‌లో అప్పగించడానికి అసలు సంస్థే లేదు. బస్సు రూటు ఏ బస్తీ గుండా పోవాలి, చివరి బస్సు రెండో షిఫ్ట్ దిగాక ఉండాలా వద్దా అని పట్టుబట్టేవాళ్లు లేకపోతే బస్సు ఎందుకు నిలబడుతుంది? ఆటో యూనియన్‌కు నాయకుడున్నాడు, బస్సు ప్రయాణికుడికి లేడు.

పెద్ద రోడ్ల కథ వేరు, నష్టం వేరు. ఫ్యాక్టరీ ఊరి నడిబొడ్డున ఉండటంతో ముడిసరుకు, ఉక్కు మోసే లారీలు జనావాసాల పక్కగానే వెళ్లాలి. పగలు నో-ఎంట్రీ పెడితే లారీలు ఊరి అంచుల్లో బారులు తీరతాయి. ఎత్తేస్తే ఒక్కసారిగా మీదపడతాయి. మాంగో వైపు సువర్ణరేఖ మీద పాత వంతెన, దాని పక్కన జయప్రకాశ్ సేతు రెండూ ఉన్నా సాయంత్రం ఆ కొసన బండి కదలదు. అక్కడ ఫ్లైఓవర్ పని మొదలైంది. జుగ్సలాయ్ రైల్వే ఓవర్‌బ్రిడ్జి ఏళ్లకు ఏళ్లు సాగింది. వీటిలో ఏదీ ఒక్క సంస్థ చేతిలో లేదు కాబట్టి ఆలస్యానికి ఎవరి పేరూ రాయలేం.

ఇక రాంచీ–జంషెడ్‌పూర్ రహదారి. ఇందులో తెలుగు పాఠకుడికి తెలిసిన పేరు ఒకటి తగులుతుంది. సుమారు 163 కిలోమీటర్ల ఈ నాలుగు వరుసల పనిని 2011లో దక్కించుకున్నది హైదరాబాద్‌కు చెందిన మధుకాన్ గ్రూపు ఏర్పాటు చేసిన రాంచీ ఎక్స్‌ప్రెస్‌వేస్. పని నత్తనడకన సాగింది; గుంతల మధ్య రాంచీ ప్రయాణం జంషెడ్‌పూర్ వాళ్లకు నరకమైంది. హైకోర్టు ఈ రోడ్డు సంగతిని తానే పట్టించుకుంది. 2019లో కాంట్రాక్టు రద్దయింది, బ్యాంకు రుణాల మళ్లింపు ఆరోపణలతో సీబీఐ కేసు పెట్టింది, ఆ తర్వాత ఈడీ రంగంలోకి దిగింది. వ్యాజ్యాల ఫలితం కోర్టులు తేలుస్తాయి. ఇక్కడ గమనించాల్సింది వేరే ఉంది. జాతీయ రహదారి మీద పురపాలక సంఘానికి అధికారం లేదు నిజమే. కానీ ఊరి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయిన పని మీద ప్రతి సమావేశంలో తీర్మానం చేసి, అధికారిని పిలిపించి, పత్రికలకు లెక్క చెప్పే సభ ఉంటే ఆ ఒత్తిడి వేరుగా ఉంటుంది. జిల్లా రోడ్డు భద్రతా కమిటీ లాంటివి ఉన్నాయి. వాటిలో కూర్చునేది ఎక్కువగా అధికారులే.

ఇంత చెప్పాక ఒక న్యాయమైన మాట చెప్పకపోతే అన్యాయం. జంషెడ్‌పూర్‌లో చాలామంది మున్సిపల్ కార్పొరేషన్ వద్దంటారు. వాళ్లు అమాయకులేమీ కాదు. కంపెనీ కాలనీల్లో చెత్త సమయానికి పోతుంది, నల్లా నీళ్లు తాగొచ్చు, రోడ్లకు ఇరువైపులా చెట్లున్నాయి. మదురై ప్రొఫెసరు ఆర్. వాసుదేవన్ కనిపెట్టిన పద్ధతిలో ప్లాస్టిక్ వ్యర్థాలు కలిపి జుస్కో రోడ్లు వేసింది. ఉక్కు తయారీలో మిగిలే స్లాగ్‌ను టాటా స్టీల్ శుద్ధిచేసి రోడ్డు కంకరగా అమ్ముతోంది. ఇవన్నీ చూసినవాళ్లు వంతెన అవతలి మురికికాలవల వైపు చూపించి, ఎన్నికలొస్తే మాకూ ఇదే గతి అంటారు. ఇంటి పన్నుల భయం సరేసరి. 2005 ప్రాంతంలో కార్పొరేషన్ ప్రతిపాదన వచ్చినప్పుడు ఊళ్లోంచే గట్టి వ్యతిరేకత లేచింది. మంచి సేవ ఉన్నచోట ఓటెందుకన్నది వాళ్ల ప్రశ్న.

దానికి జవాబు అదే ఊళ్లో ఉంది. 2005లో రాష్ట్ర ప్రభుత్వం టాటా లీజును 1996 నుంచి ముప్ఫై ఏళ్లకు, అంటే 2025 డిసెంబరు ఆఖరు దాకా పునరుద్ధరించింది. ఆ సందర్భంలోనే 86 బస్తీల భూమిని లీజు నుంచి తప్పించారు. లీజు లోపల రోడ్డు కంపెనీ బాధ్యత. గీత అవతలి బస్తీ జేఎన్‌ఏసీ నెత్తిన పడింది. ఒకే ఊరు, ఒకే ఫ్యాక్టరీ సైరన్, వీధులు మాత్రం రెండు రకాలు. గీత లోపలివాళ్లు ఓటు లేకున్నా బతికిపోతారు. గీత అవతలివాళ్లకు కంపెనీ సేవా లేదు, కౌన్సిలరూ లేడు. మంచి సేవ ఓటుకు ప్రత్యామ్నాయం అన్న వాదన ఆ 86 బస్తీల్లో నిలబడదు.

2023 డిసెంబరులో జార్ఖండ్ ప్రభుత్వం రాష్ట్ర మున్సిపల్ చట్టం కింద జంషెడ్‌పూర్‌ను పారిశ్రామిక టౌన్‌షిప్‌గా చేసే నిర్ణయం తీసుకుంది. నడిపేందుకు ప్రభుత్వ, కంపెనీ ప్రతినిధులతో కమిటీ అన్నారు. వార్డు ఓటుతో వచ్చేవాళ్లకు అందులో చోటు లేదు. దాన్ని సవాలు చేస్తూ మళ్లీ కోర్టు మెట్లెక్కినవాళ్లున్నారు. ప్రకటన తర్వాత కూడా పార్కింగ్ టెండర్లు, ఆక్రమణల తొలగింపు జేఎన్‌ఏసీ పేరుతోనే సాగాయి.

ఆంధ్ర, తెలంగాణ పాఠకులు ఇదంతా చదివి మన దగ్గర నయం అనుకుంటే తొందరపాటే. మహా విశాఖ నగరపాలక సంస్థకు 2012లో పాలకవర్గం గడువు ముగిసింది; మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. తొమ్మిదేళ్లు రాష్ట్రంలోని అతి పెద్ద నగరం ప్రత్యేకాధికారి పాలనలో ఉంది. చట్టంలో కౌన్సిల్ ఉంది, నేల మీద లేదు. జార్ఖండ్ పట్టణాల్లోనూ 2023 తర్వాత ఇదే జరిగితే, 2024 జనవరిలో హైకోర్టు ఎన్నికలు పెట్టమని ఆదేశించాల్సి వచ్చింది. కౌన్సిల్ ఉన్నంత మాత్రాన రోడ్డు బాగుపడుతుందన్న హామీ కూడా లేదు: విజయవాడలోనూ విశాఖలోనూ బస్సుల కోసం కోట్లు పోసి కట్టిన బీఆర్‌టీఎస్ వరుసలు చివరికి ఎవరి బండి వాళ్లు తోలుకునే దారులయ్యాయి. పారిశ్రామిక వాడల్లో ‘ఐలా’ల పేరుతో పరిశ్రమల మౌలిక వసతుల సంస్థే ఆస్తిపన్ను వసూలు చేసి స్థానిక సంస్థకు ఒక వాటా ఇచ్చే ఏర్పాటు తెలుగు రాష్ట్రాల్లో ఎప్పటి నుంచో ఉంది, చిన్న చిన్న జంషెడ్‌పూర్లు మన ఊళ్ల అంచుల్లోనూ ఉన్నాయన్నమాట. అలాగని ఆదర్శాలు లేకపోలేదు. 2018లో తెలంగాణ ప్రభుత్వం 63వ నంబరు ఉత్తర్వుతో మాల్స్, మల్టీప్లెక్సుల్లో మొదటి అరగంట పార్కింగ్ ఉచితం చేసింది. ఆ తర్వాత కూడా బిల్లు చూపిస్తే మినహాయింపులు పెట్టింది. ఆ ఉత్తర్వు అమలు అన్నిచోట్లా ఒకేలా లేదు గానీ, జనం దాన్ని పేరు పెట్టి అడగగలుగుతున్నారు. అడగడానికి ఒక కాగితం ఉండటం చిన్న విషయం కాదు.

కాగితం ఎంత బలమైనదో లండన్‌లోని బార్నెట్ కేసు చెబుతుంది. ఆ బరో కౌన్సిల్ నివాసితుల పార్కింగ్ పర్మిట్‌ను ఒక్కసారిగా నలభై పౌండ్ల నుంచి వందకు పెంచింది. వచ్చిన మిగులుతో మిగతా రోడ్ల ఖర్చులు పూడ్చుకోవాలన్నది ఆలోచన. ఒక నివాసి కోర్టుకు వెళ్లింది. పార్కింగ్ చట్టం పన్నులు పిండుకునే సాధనం కాదని, ఆదాయం పెంచుకోవడానికి రుసుము పెంచడం చెల్లదని 2013లో ఇంగ్లండ్ హైకోర్టు తీర్పిచ్చింది. అక్కడ పార్కింగ్ ఖాతా విడిగా ఉంటుంది, మిగులు దేనికి ఖర్చుపెట్టాలో చట్టం చెబుతుంది. జపాన్‌లో ఇంకో దారి: 1962 నాటి చట్టం ప్రకారం బండి నిలుపుకోవడానికి చోటున్నట్టు పోలీసుల ధ్రువపత్రం చూపిస్తే తప్ప టోక్యోలో కారు రిజిస్టరు కాదు. అమెరికాలో డొనాల్డ్ షూప్ 2005 నాటి తన పుస్తకంలో ఉచిత పార్కింగ్ ఎవరికీ ఉచితం కాదని లెక్కగట్టి చూపించాడు. వసూలు చేసిన డబ్బును అదే వీధి బాగుకు ఖర్చుపెడితే దుకాణదారులే రుసుముకు మద్దతిస్తారన్నది ఆయన వాదనలో కీలకం. సాక్చీ బజారుకు ఇంతకంటే పనికొచ్చే మాట లేదు. తన దుకాణం ముందు వసూలైన పది రూపాయలు తన ఫుట్‌పాత్‌కే వస్తాయని తెలిస్తే వ్యాపారి కాంట్రాక్టరు మీద కన్నేసి ఉంచుతాడు.

జంషెడ్‌పూర్‌కు పూర్తి కార్పొరేషన్ వస్తుందో రాదో కోర్టులు, లీజు చర్చలు తేలుస్తాయి. దానికోసం ఆగకుండా చెయ్యగలిగినవి ఉన్నాయి. మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న మున్సిపాలిటీల్లో వార్డు కమిటీలు తప్పనిసరి అని రాజ్యాంగం 243-ఎస్‌లో చెప్పింది. టౌన్‌షిప్ పేరుతో మున్సిపాలిటీని తప్పించుకోవచ్చు గానీ, వార్డు కమిటీ వెయ్యకూడదని ఏ అధికరణా అనలేదు. లీజు లోపలి కాలనీలను, 86 బస్తీలను కలిపి వార్డులుగా విడగొట్టి, ఒక్కో వార్డు నుంచి ఓటుతో ఒకరిని టౌన్‌షిప్ కమిటీకి పంపవచ్చు. ప్రైవేటు కంపెనీకి సమాచార హక్కు చట్టం నేరుగా వర్తించదు కాబట్టి, ఏ రోడ్డు ఎవరి బాధ్యతో, ఎప్పుడు వేశారో, ఎంతైందో చెప్పే రిజిస్టరును ప్రభుత్వం లీజు షరతుగానే అడగాలి. లీజు మళ్లీ రాసేటప్పుడు భూమి ఎకరాల గురించి ఎంత బేరమాడతారో ఈ రిజిస్టరు గురించీ అంత బేరమాడాలి. మాంగో, ఆదిత్యపూర్, జుగ్సలాయ్, జంషెడ్‌పూర్ నాలుగూ కూర్చుని రూట్లు, లారీల వేళలు, పార్కింగ్ రేట్లు ఒకేచోట తేల్చుకునే రవాణా వేదిక లేకుండా ఫ్లైఓవర్లు ఎన్ని కట్టినా రద్దీ ఒక కొస నుంచి ఇంకో కొసకు మారుతుందే తప్ప తగ్గదు.

అన్నింటికంటే ముందు, అతి చిన్నది: సాక్చీ, బిష్టుపూర్ పార్కింగ్ టెండర్లు ఎవరికిచ్చారు, ఎంతకిచ్చారు, ఏడాదికి ఎంత వచ్చింది, ఆ డబ్బుతో ఏం చేశారు అన్న నాలుగు సంగతులు ప్రతి పార్కింగ్ స్థలం దగ్గర బోర్డు మీద రాయించాలి. దీనికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, కోర్టు తీర్పు అక్కర్లేదు, జేఎన్‌ఏసీ అధికారి సంతకం చాలు.